మూడు రోజుల నీళ్లు సరే, మోసేదెవరు?



వానాకాలం వస్తుందంటే చాలు, ఒక సలహా తిరుగుతుంది. ప్రతి ఇంట్లో మూడు రోజులకు సరిపడా మంచినీళ్లు దాచిపెట్టుకోవాలట, మనిషికి రోజుకు 4 లీటర్లు. సలహా తప్పని మేం అనడం లేదు. చెప్పేవాళ్లు ఎక్కడ నిలబడి చెబుతున్నారన్నదే మా పేచీ. తార్నాకలో అపార్ట్‌మెంట్ అంటే కింద సంపు, పైన ట్యాంకు. తక్కువ పడితే ఫోన్ కొడితే ట్యాంకర్. దాన్ని వాళ్లు నిల్వ అని కూడా అనుకోరు. రోడ్డు దాటి క్యాంపస్‌లోకొస్తే హాస్టల్లో మాకు మంచం కింద తలా ఒక బకెట్. మోటరు ఆగిన రోజు స్నానానికీ అదే, బాత్రూంకీ అదే.

ఇక గూడెం లెక్క చూద్దాం. ఐదుగురున్న ఇంటికి మూడు రోజులకు 60 లీటర్లు. అంటే 60 కిలోల బరువు. బిందెకు పన్నెండు లీటర్లు పట్టినా ఐదు బిందెలు. బోరింగు కాడి నుంచో చెలమ కాడి నుంచో అవి అమ్మ తల మీద, చెల్లె నడుం మీద రావాలె. "దాచుకోండి" అనేవాళ్లు ఈ మాట మాత్రం చెప్పరు. గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి హైదరాబాద్‌కు 180 కిలోమీటర్లకు పైగా పైపుల్లో వస్తున్నాయి. అంత దూరం పైపు వేయగలిగినప్పుడు గూడెం చివరి ఇంటి దాకా ఎందుకు వేయలేరు?

మనవాళ్లలోనే కొందరు "వాగు పక్కన పుట్టినోళ్లం, మనకెందుకురా నిల్వలు" అంటారు. దీనికీ మేం ఒప్పుకోం. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. అట్లాంటి రోజుల్లో చుట్టూ నీళ్లే, కానీ మునిగిన బావి నీళ్లు తాగితే వాంతులు, విరేచనాలు. వాగు పొంగితే ఆటో రాదు, ఆశా అక్కా రాలేదు. నిల్వ అందరికన్నా మనకే ఎక్కువ అవసరం.

మన తాతల సొరకాయ బుర్రను చూసి నవ్వినోళ్లున్నారు. తాగే నీళ్ల పాత్రకు మూతి సన్నగా ఉండాలని, చెయ్యి లోపలికి పోవద్దని ఇప్పుడు డాక్టర్లూ చెబుతున్నారు. బుర్ర చేసిన పని అదే కదా! డ్రమ్ము అయితే మూత ఉండాలె, లేకుంటే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. వారానికోసారి ఖాళీ చేసి రుద్ది కడగాలి. పురుగుమందు డబ్బాలు మాత్రం ఎంత కడిగినా వద్దే వద్దు. క్లోరిన్ బిళ్ల ఎన్ని లీటర్లకని ప్యాకెట్ మీద ఉంటే అన్నిటికే వేసి, అరగంట ఆగి తాగాలి.

సెలవులకు ఊరికి పోయే మగపిల్లలు ముందు బిందె ఎత్తండి. తర్వాత గ్రామసభకు పోండి. పీసా చట్టం 1996 నుంచే ఉంది. ఊరి అభివృద్ధి పనుల ప్లాను అమలు కాకముందే గ్రామసభ ఆమోదించాలని అందులో ఉంది. ఎత్తు మీద ఒక ట్యాంకు, వానలకు ముందే అంగన్‌వాడీలో క్లోరిన్ బిళ్లలు, ఈ రెండూ ఆ ప్లానులో రాయించండి. "చూద్దాం" అంటే ఊరుకోకుండా తీర్మానం పుస్తకంలో ఎక్కించి సంతకాలు పెట్టించండి. ఆ పేజీ ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, ఏ గూడెంలో అయిందో, ఏ గూడెంలో కాలేదో అందరం చూద్దాం.