నగర సందర్శనం - మితవ్యయం

దేశాటనం విద్యలో ఒక భాగమని మన పూర్వులు విశ్వసించారు. కాని ఆ విద్యకు చెల్లించవలసిన మూల్యం ఎంతో మన కావ్యాలు చెప్పవు. అల్లసాని పెద్దన మనుచరిత్రలో సిద్ధుడు ప్రవరాఖ్యుడికి పాదలేపం ఇచ్చాడు. అతడు దారిఖర్చు అన్నది లేకుండానే హిమాలయానికి చేరుకున్నాడు. మంచునీటికి ఆ లేపం కరిగిపోయిన తరువాత గాని, తిరిగి ఇల్లు చేరడం ఎలాగన్న ప్రశ్న అతనికి ఎదురుకాలేదు. తరగతిలో ఈ కథ చెప్పినప్పుడల్లా విద్యార్థులు వరూధిని రాక కోసం ఎదురుచూస్తారు. నా మనస్సు మాత్రం కరిగిపోయిన ఆ లేపం దగ్గరే ఆగిపోతుంది. తెలియని చోటికి బయలుదేరేవాడు వాహనం సంపాదించుకుంటే చాలదు, దాని స్వభావం కూడా తెలుసుకోవాలి. ఈ సంగతి నాకు కావ్యం నేర్పలేదు, బెంగళూరు నేర్పింది.

మాది పుట్టపర్తి. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడేవరకు ఇది అనంతపురం జిల్లాలోని ఊరు. దేశంలో మిక్కిలి తక్కువ వర్షపాతం గల ప్రాంతాలలో మాది ఒకటి. ఇక్కడివారికి మహానగరమంటే మొదట గుర్తుకు వచ్చేది బెంగళూరే. హైదరాబాదు నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నది. బెంగళూరు సుమారు 150 కిలోమీటర్లు. వేరుశనగ పండిన ఏడు పిల్లలకు బెంగళూరు చూపించాలన్న కోరిక మా పల్లెలలో తలెత్తుతుంది. పండని ఏడు పెద్దలు అదే బెంగళూరుకు కూలికి వెళ్తారు. అందువల్ల మాకు నగర సందర్శనం కేవలం వినోదం కాదు. ఏళ్ల తరబడి వాయిదా పడిన కోరిక రెండు మూడు రోజులలో తీరాలి. అక్కడ వృథా అయిన ప్రతి వంద రూపాయలకూ పిల్లలు చూడవలసినది ఏదో ఒకటి తగ్గిపోతుంది.

2008 వేసవి సెలవుల్లో నేను, నా భార్య, ఎనిమిదేళ్ల మా అమ్మాయి మూడు రోజుల కోసం బెంగళూరు వెళ్లాము. పోస్టాఫీసులో దాచుకున్న దానిలో నుంచి నాలుగు వేల రూపాయలు తీసి వెంట ఉంచుకున్నాము. గాంధీనగర్‌లోని ఒక లాడ్జి చిరునామాను మిత్రుడొకరు కాగితం మీద రాసి ఇచ్చారు. రైలు దిగి స్టేషను బయటికి రాగానే ఆటో ఎక్కాము. అరగంటకు పైగా తిప్పి, ఎన్నో కూడళ్లు దాటించి, లాడ్జి ముందు దింపిన డ్రైవరు మూడు వందలు అడిగాడు. భాష రాని చోట, భార్యాబిడ్డల ఎదుట, వాదించడానికి అభిమానం అడ్డువచ్చింది. అడిగినంతా ఇచ్చాను. మరునాడు లాల్‌బాగ్‌కు, అక్కడి నుంచి బజారుకు, బజారు నుంచి బసకు ఇదే తీరుగా తిరిగాము. రెండవ రోజు సాయంత్రానికి తిరుగు ప్రయాణానికి కావలసినంత మాత్రమే మిగిలింది. మూడవ రోజు విశ్వేశ్వరయ్య మ్యూజియంలో యంత్రాలు చూపిస్తానని అమ్మాయికి మాట ఇచ్చి ఉన్నాను. ఆ మాట నిలుపుకోలేకపోయాను. అమ్మాయి ఏడవలేదు. “మళ్లీ ఎప్పుడొస్తాం నాన్నా?” అని మాత్రం అడిగింది.

ఆ సాయంత్రమే లాడ్జి పక్కన టీ అంగడి దగ్గర ఒక వ్యక్తి నా మాటతీరు విని పలకరించాడు. కదిరి ప్రాంతం వాడు. పదేళ్లుగా బెంగళూరులో తాపీ పని చేస్తున్నాడు. నా గోడు విని నవ్వాపుకోలేకపోయాడు.

“రైల్వే టేసను నుంచి ఈడికి ఆటోలో వచ్చినారా సార్? రోడ్డు దాటితే ఇదే గదా! సామాను నెత్తిన పెట్టుకొని వచ్చినా పది నిమిషాలు.”

“నాకేం తెలుసునయ్యా?” అన్నాను.

“అడగల్ల సార్. ఈ ఊర్లో యాడికి పోవల్లన్నా నడిస్తే ఎంత సేపని ముందు అడగల్ల. బస్సు మాట ఆ తర్వాత. ఆటో మాట అన్నిటికన్నా కడాకు.”

తరువాత అరగంట సేపు అతడు నగరాన్ని నా కళ్లముందు పరిచాడు. మన వైపు నుంచి హైవే మీదుగా వచ్చే బస్సు మెజెస్టిక్ చేరకముందే హెబ్బాళ దాటుతుందనీ, ఉత్తర భాగంలో పని ఉన్నవారు అక్కడే దిగితే వెనక్కు తిరిగి రావలసిన ఖర్చు తప్పుతుందనీ చెప్పాడు. రైలులో వచ్చేవారికి యలహంక కూడా ఒక గుమ్మమే అన్నాడు. సిటీ బస్సులో రోజంతా తిరగడానికి పాసు దొరుకుతుందనీ చెప్పాడు. నగరాన్ని చూడడానికి వచ్చిన నాకు తెలియనిది, నగరాన్ని కట్టడానికి వచ్చిన అతనికి తెలుసు. చేతిలో డబ్బు లేనివాడు దారులన్నీ నేర్చుకుంటాడు. మన ఊళ్ల నుంచి వలస వెళ్లినవారు ప్రతి మహానగరంలోనూ ఉన్నారు. ప్రయాణానికి ముందు వారిలో ఒకరిని అడిగి తెలుసుకోవడం మనకు చిన్నతనంగా తోస్తుంది. అది చిన్నతనం ఎందుకవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. 1830-31లో మద్రాసు నుంచి కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామి సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన గొప్ప ఉద్యోగి. అయినా ఏ మజిలీలో ఏ సరుకులు దొరుకుతాయో, దారి ఎలా ఉంటుందో తెలుసుకుని, తరువాత వెళ్లేవారి కోసం ఓపికగా రాసిపెట్టాడు.

నన్ను మరింత బాధించిన విషయం ఒకటున్నది. నేను ప్రాచీన సాహిత్యంలో పరిశోధన చేసినవాణ్ణి, విజయనగర కాలపు శాసనాలు చదివినవాణ్ణి. తెలుగు, కన్నడ లిపులు ఒకనాడు ఒకే లిపిగా ఉండి తరువాతి శతాబ్దాలలో విడివడ్డాయని తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అటువంటి నేను మెజెస్టిక్ బస్‌స్టాండులో నిలబడి, బస్సు నుదుటి మీది కన్నడ పలకను చదివే ప్రయత్నమైనా చేయలేదు. అది పరాయి లిపి అని ముందే నిశ్చయించుకున్నాను. నిజానికి మన తలకట్టు పైకి లేచిన చిన్న గీత. కన్నడంలో అది కుడివైపుకు అడ్డంగా సాగుతుంది. ఆ ఒక్క తేడాకు కన్ను అలవాటు పడితే సగానికి పైగా అక్షరాలు వాటంతట అవే పలుకుతాయి. క, త, శ వంటి కొన్నింటిని మాత్రం విడిగా గుర్తుపెట్టుకోవాలి. తెలుగు చదవగలవారికి ఇది రెండు పూటల పని. ఆ రెండు పూటలను నేను పెట్టి ఉంటే అమ్మాయి మ్యూజియం చూసి ఉండేది.

ఊళ్లో పొదుపుగా ఉండేవారు సైతం పట్నంలో దర్జాగా ఉండకపోతే పరువు పోతుందని భావించడం మనలో ఉన్నది. “వచ్చిందే మూడు రోజులకు, లెక్కలెందుకు?” అంటారు. రోజులు తక్కువ కాబట్టే లెక్క కావాలని నా అభిప్రాయం. మా చీనీతోటలలో బిందు సేద్యం చూసినవారికి దీనిని వివరించనక్కరలేదు. నీరు కాలువ పొడవునా ఇంకిపోకుండా చెట్టు వేరుకు చేరాలి. అలాగే ప్రయాణికుని డబ్బు దారి పొడవునా ఇంకిపోకుండా, చూడవలసిన దాని దగ్గరికి చేరాలి. మ్యూజియం టిక్కెట్టుకు వెనుకాడి, ఆటోలకు ధారపోసేవాడిని ఉదారుడని నేను అనలేను.

మితవ్యయానికీ పిసినారితనానికీ మధ్య గీత ఎక్కడున్నదో మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. ఊరి చివర ఎక్కడో చౌకగా గది దొరికిందని సంబరపడేవారు, ఆదా చేసిన దానికంటె ఎక్కువ రాకపోకలకు చెల్లిస్తారు. స్టేషనుకు నడిచి వెళ్లగల చోట కొంచెం ఎక్కువ అద్దె ఇవ్వడమే లాభం. అర్ధరాత్రి రైలు దిగినప్పుడు ఆడవారితో, పసివారితో చీకటి దారిలో నడవడం పొదుపు కాదు, అవివేకం. భోజనానికి బెంగళూరులో నిలబడి తినే దర్శిని హోటళ్లు ఉండనే ఉన్నాయి. కూలి జనం కోసం 2017 ఆగస్టులో ఇందిరా క్యాంటీన్లు ప్రారంభమయ్యాయి. అప్పుడు అక్కడ ఫలహారం 5 రూపాయలు, భోజనం 10 రూపాయలు. స్తోమత గలవాడు చౌక అని ఆ వరుసలో నిలబడితే, అది ఒక కూలివాడి పళ్లాన్ని లాక్కోవడమే. అటువంటి ఆదా మన లెక్కలోకి రాకూడదు.

ఆటో డ్రైవర్లందరినీ దొంగలుగా చూడడమూ నాకు సమ్మతం కాదు. మా పుట్టపర్తిలో రైల్వే స్టేషను ఊరికి కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నది. దేశదేశాల నుంచి వచ్చేవారు అక్కడ దిగి ఆటో ఎక్కుతారు. ఆ ఆటోలు నడిపేవారు మా ఇరుగుపొరుగు పిల్లలే. సేద్యం నమ్ముకుని నష్టపోయిన ఇళ్లవారు వారిలో ఉన్నారు. న్యాయమైన కిరాయి వారి హక్కు. అయితే దూరం తెలిసిన ప్రయాణికుడికే న్యాయమైన కిరాయి ఎంతో తెలుస్తుంది.

మళ్లీ మేము బెంగళూరు వెళ్లినది 2024 డిసెంబరులో. ఈసారి నేను, అమ్మాయి ఇద్దరమే. ఆమె ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నది. స్టేషనులో దిగీదిగగానే ఫోను తీసి, “కారు పిలుస్తాను నాన్నా, ఇప్పుడు మనకు ఆ ఇబ్బంది లేదుగదా” అన్నది. నేను వద్దన్నాను. చూడవలసిన చోట్లను వాటి ప్రసిద్ధిని బట్టి కాక, మెట్రో మార్గాలను బట్టి ముందే వరుసగా రాసుకుని ఉన్నాను. బెంగళూరులో మెట్రో తొలి మార్గం 2011 అక్టోబరు 20న ప్రారంభమైంది. ఆకుపచ్చ, ఊదా రంగుల పేర్లు గల రెండు మార్గాలు మెజెస్టిక్‌లో కలుస్తాయి. ఆకుపచ్చ మార్గంలో లాల్‌బాగ్ చేరుకున్నాము. అక్కడి కొండరాయి వయస్సు సుమారు మూడు వందల కోట్ల సంవత్సరాలని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ రాతి మీద కూర్చుంటే మా పెనుకొండ బండల మీద కూర్చున్నట్లే ఉన్నది. బెంగళూరును కట్టించిన కెంపేగౌడ విజయనగర సామంతుడు. 1565 తరువాత ఆ సామ్రాజ్యానికి రాజధాని మా పెనుకొండే. ఒకప్పుడు పెద్ద ఊరు మాదేనని అమ్మాయితో అంటే, “ఇప్పుడు బస్సు ఎటు పోతుందో చూడు నాన్నా” అన్నది.

మేము వచ్చిన రెండు నెలలకే, 2025 ఫిబ్రవరిలో, అక్కడి మెట్రో గరిష్ఠ ఛార్జీ 60 రూపాయల నుంచి 90 రూపాయలకు పెరిగింది. కార్డుతో ప్రయాణించేవారికి కొంత, రద్దీ లేని వేళలలో మరికొంత తగ్గింపు ఇచ్చారు. అయినా ఈ పెంపు నాకు నచ్చలేదు. రైలు ఖరీదైనకొద్దీ ఆ తాపీ మేస్త్రి వంటివారు దానికి దూరమవుతారు. మహిళల ఉచిత ప్రయాణం గురించి మా విద్యార్థినులు తరచు అడుగుతారు. 2023 జూన్ 11న కర్ణాటకలో మొదలైన శక్తి పథకం ఆ రాష్ట్ర మహిళల కోసం ఏర్పరచినది. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన స్త్రీశక్తి పథకం అంతర్రాష్ట్ర సర్వీసులకు వర్తించేది కాదు. సరిహద్దు దాటేవారు బస్సెక్కే ముందే ఈ సంగతి కనుక్కుని, టిక్కెట్టు డబ్బు విడిగా పెట్టుకోవాలి.

లాల్‌బాగ్ నుంచి తిరిగి మెజెస్టిక్ వచ్చి, ఊదా మార్గంలోకి మారి కబ్బన్ పార్కులో దిగాము. పదహారేళ్ల తరువాత నా మాట చెల్లించుకున్నాను. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి ఇంటిపేరు మన గిద్దలూరు దగ్గరి గ్రామానిదని చెబుతుంటే అమ్మాయి వినడం లేదు. అక్కడి ఒక యంత్రం మీట తిప్పుతూ ఎనిమిదేళ్ల పిల్లలా నిలబడి ఉన్నది. తలుపులు మూసేవేళకు బయటికి వచ్చేసరికి సన్నని చినుకులు మొదలయ్యాయి. రోడ్డు మీద వాహనాలు కదలకుండా నిలిచిపోయి ఉన్నాయి. అమ్మాయి అలవాటుగా ఫోను తీసింది. ఒక్క క్షణం ఆగి దానిని తిరిగి సంచిలో వేసుకుంటూ, “నడిస్తే ఎంత సేపు నాన్నా?” అని అడిగింది.