బొగ్గు బస్సు మళ్ళీ వచ్చిందా?

రెండో ప్రపంచయుద్ధం రోజులలో పెట్రోలు కరువై మన దేశంలో చాలాచోట్ల బస్సులు బొగ్గు మీద నడిచేవి. బండికి ఒక పెద్ద డ్రమ్ము తగిలించి, అందులో కట్టెబొగ్గు రాజబెట్టి, బయలుదేరే ముందు చాలాసేపు చేత్తో మర త్రిప్పి గాలి ఊదవలె. ఆ వాయువుతో బండి కదిలేది. ఎత్తు వచ్చిందంటే ప్రయాణికులు దిగి నెట్టవలసిందే. తాతలు ఈ కథ చెబుతుంటే మన ఇళ్ళలో పిల్లలు పడిపడి నవ్వేవారు.

ఇప్పుడు బెంగుళూరు వీధులలో పొగగొట్టమే లేని బస్సు తిరుగుతున్నది. 2014లో ఒక చైనా కంపెనీ బస్సును తెచ్చి కొన్నాళ్ళు పరీక్షగా నడిపారు. తరువాత ఏడేళ్ళదాకా మాటలే గాని బండి రాలేదు. 2021 డిసెంబరులో మెట్రో స్టేషన్లకు జనాన్ని చేర్చే చిన్న బస్సులు, 2022 ఆగస్టులో 12 మీటర్ల పెద్ద బస్సులు వచ్చాయి. 2023 డిసెంబరులో టాటావారి 921 బస్సులలో మొదటి 100 రోడ్డెక్కినవి. 2025లో కేంద్ర ప్రభుత్వం పి.ఎం. ఇ-డ్రైవ్ పథకం క్రింద బెంగుళూరుకు 4,500, హైదరాబాదుకు 2,000 బస్సులు కేటాయించింది.

ఈ సంగతి ముచ్చటించుకుంటూ ఉండగా మన పెద్దలలో ఒకరు, "అయ్యా, కరెంటు బస్సంటున్నారు, సరే. ఆ కరెంటు ఎక్కడిది? రాయచూరులో బొగ్గు కాలిస్తే వచ్చేదే కదా! బొగ్గు బస్సే మళ్ళీ వచ్చింది. డ్రమ్మును మాత్రం రాయచూరులో పెట్టారు" అన్నారు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాము గాని, ఇంటికి వచ్చాక ఆ మాట మమ్మల్ని వదలలేదు.

ఆయన మాటలో సగం నిజమున్నది. తక్కిన సగం ఏమిటో చూదాము.

పాత మద్రాసు రోడ్డు మీద బస్సు కోసం నిలబడిన పిల్లల ముఖాన కొట్టే పొగ వేరు, ఊరికి దూరాన ఒక్క గొట్టంలోంచి వచ్చే పొగ వేరు. వేల గొట్టాలను కాపలా కాయడం కంటె ఒక్కదానికి జల్లెడ కట్టడం సుళువు. డీజిలు ఇంజనులో కాలిన ఇంధనపు శక్తి సగానికి మించి వేడిగా వృథా అవుతుంది. మోటారులో ఆ దుబారా చాలా తక్కువ. పైగా బ్రేకు వేసినప్పుడు మోటారే డైనమోగా మారి కరెంటును తిరిగి బ్యాటరీకి పంపుతుంది. తిరుమల కొండకు వెళ్ళేవారు దీన్ని కళ్ళారా చూడవచ్చును. 2022 సెప్టెంబరులో తిరుపతిలో విద్యుత్ బస్సులు ప్రారంభమైనవి. అనుకున్న 100 బస్సులలో 50 కొండకే కేటాయించారు. ఎక్కేటప్పుడు ఖర్చయినదానిలో కొంత దిగేటప్పుడు తిరిగి జమ అవుతుంది. చిల్లర దేవుడే ఇప్పిస్తున్నాడన్నమాట.

ఇక కర్ణాటకలో ఉన్నది బొగ్గొక్కటే కాదు. శరావతి నీరున్నది. పావగడ ఎండ ఉన్నది. పావగడ తాలూకాలో మన భాషే ఇంటి భాషగా ఉన్న పల్లెలెన్నో. వానలు మొహం చాటేసే ఆ నేలలో సుమారు 13,000 ఎకరాలను రైతులు అమ్ముకోకుండా కౌలుకిచ్చారు. అక్కడ 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రం వెలిసింది.

అయితే చిక్కు ఇక్కడే ఉన్నది. సూర్యుడు పగలు కాస్తాడు. బస్సు పగలు తిరిగి రాత్రి డిపోలో ఛార్జింగుకు నిలుస్తుంది. పావగడ ఎండ పండేవేళకు మన బస్సు రోడ్డు మీద ఉంటుంది. బస్సు దాహంతో వచ్చేవేళకు ఎండ ఉండదు. అప్పుడు పెద్దాయన మాటే నెగ్గుతుంది. కాబట్టి మధ్యాహ్నం రద్దీ తగ్గిన గంటలలో, హొసకోటె వంటి చివరి మజిలీలలో బస్సులకు ఛార్జింగు సదుపాయం ఉండవలెనని మనం అడగాలి. బస్సుల సంఖ్య చెప్పి మురిసిపోతే చాలదు, ఏ వేళ కరెంటు త్రాగుతున్నవో కూడా చూడవలె.

మరొక మాట. ఈ పద్ధతిలో బస్సు కంపెనీది, డ్రైవరూ కంపెనీ మనిషే. కండక్టరు మాత్రం సంస్థ ఉద్యోగి. సంస్థ కంపెనీకి కిలోమీటరుకు ఇంతని చెల్లిస్తుంది. ఒక్కసారిగా కోట్లు పోసి బండ్లు కొనే భారం దీనివల్ల తప్పింది, నిజమే. కాని డ్రైవరు జీతం, సెలవు, శిక్షణ పరాయి చేతిలో పడినవి. చప్పుడు లేని బండిని నడిపేవాడు అలసిపోయి ఉంటే ప్రమాదం రోడ్డు దాటే ముసలమ్మకు. పొగ పోయింది, మోత పోయింది. జాగ్రత్త పోరాదు.

చివరగా మన వంతు. ఇంటికి రెండేసి బండ్లుంచుకొని, ఖాళీగా పోయే కరెంటు బస్సును గుమ్మంలోంచి మెచ్చుకుంటే గాలి బాగుపడదు. వారానికి రెండు రోజులైనా బస్సెక్కుదాము. తాతలు బస్సు దిగి నెట్టవలసి వచ్చింది. మనం ఎక్కి కూర్చుంటే చాలును.