గెలవడం తర్వాత... ముందు నిలవాలి!

పేకాటలో ప్రపంచ విజేత ఏం సలహా ఇస్తాడు? ఎదుటివాడి ముఖం చూసి చేతిలో ముక్కలు పసిగట్టడమెలాగో చెబుతాడనుకుంటాం. డాన్ హారింగ్టన్ మాత్రం భాగహారం నేర్పాడు!

అమెరికాలో పోకర్ ఆడేవాళ్లు అతన్ని 'యాక్షన్ డాన్' అంటారు. ఆ పేరు వింటే... ఉన్నదంతా ఒక్క దెబ్బకు బల్ల మధ్యకు తోసేసే దూకుడు మనిషి కళ్లముందు మెదులుతాడు. నిజానికి అది వెటకారపు పేరు. నెత్తిమీద ఆకుపచ్చ బేస్‌బాల్ టోపీ, ఏ భావమూ కనిపించని ముఖం, వచ్చిన ముక్కల్ని వచ్చినట్టే పడేస్తూ గంటలకొద్దీ నింపాదిగా కూర్చోవడం... ఇదీ హారింగ్టన్ తీరు!

అలా కూర్చునే 1995లో లాస్‌వెగాస్‌లో 'వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్' ప్రధాన పోటీ గెలిచాడు. ఒక్కొక్కరూ 10 వేల డాలర్లు కట్టి 273 మంది బరిలోకి దిగితే మొదటి బహుమతి 10 లక్షల డాలర్లు అతనికి దక్కింది. 'ఏదో అదృష్టం కలిసొచ్చింది' అన్నవాళ్లకి తర్వాత జవాబు దొరికింది. 2003లో అదే పోటీకి 839 మంది వస్తే హారింగ్టన్‌ది మూడో స్థానం. మరుసటేడు ఆ సంఖ్య 2,576కి పెరిగింది. అప్పుడు నాలుగో స్థానం! అంతమందిలో వరసగా రెండేళ్లు చివరి బల్ల దాకా రావడమంటే మాటలు కాదు. 2010లో 'పోకర్ హాల్ ఆఫ్ ఫేమ్'లోనూ చోటు దక్కింది.

పోకర్‌కి రాకముందు హారింగ్టన్ లాయరు. అదీ దివాలా కేసులు చూసే లాయరు. చదరంగంలో 1971లో మసాచుసెట్స్ రాష్ట్ర ఛాంపియన్. ఎత్తులు లెక్కవేయడం ఒక చోట, లెక్క తప్పితే కొంపలు ఎలా మునుగుతాయో చూడటం మరో చోట... రెండూ నేర్చుకునే పేకముక్కలు పట్టాడన్నమాట. బిల్ రోబర్టీతో కలిసి 2004 నుంచి 'హారింగ్టన్ ఆన్ హోల్డెమ్' పేరుతో రాసిన పుస్తకాలు టోర్నమెంట్లు ఆడేవాళ్లకు పాఠ్యపుస్తకాలయ్యాయి.

కూర్చున్నందుకూ ఖర్చే!

'హోల్డెమ్' అనే ఈ పోకర్‌లో ఒక్కొక్కరికి రెండు ముక్కలు పంచుతారు. అవి ఎవరికీ చూపించనక్కర్లేదు. తర్వాత బల్ల మధ్యలో విడతలవారీగా అయిదు ముక్కలు తెరుస్తారు. అవి అందరివీ. మొత్తం ఏడింటిలో మంచి అయిదు ముక్కలు ఎవరివైతే వారిదే గెలుపు. ముక్కలు తెరిచే ప్రతి విడతకీ పందెం ఉంటుంది. నచ్చకపోతే రమ్మీలో డ్రాప్ అయినట్టే ముక్కలు పడేసి తప్పుకోవచ్చు.

అయితే ముక్కలు పడేస్తూ కూర్చోవడం కూడా ఉచితం కాదు. ముక్కలు చూడకముందే ఇద్దరు ఆటగాళ్లు తప్పనిసరిగా కొంత పందెం పెట్టాలి. వీటిని 'బ్లైండ్స్' అంటారు. ఈ వంతు ఒక్కొక్కరికీ మారుతూ బల్ల చుట్టూ తిరుగుతుంది. పోటీ ముదిరేకొద్దీ అందరూ తలా కొంత 'యాంటీ' కూడా వేయాలి. పైగా నిర్ణీత సమయానికోసారి ఈ మొత్తాలు పెరుగుతూ పోతాయి. చేతిలో చిప్స్ అయిపోతే ఇక ఇంటికే.

ఇక్కడే హారింగ్టన్ ఒక ప్రశ్న వేయమంటాడు. 'నా దగ్గర ఎన్ని చిప్స్ ఉన్నాయి?' అని కాదు... 'ఇవి నన్ను ఎన్ని చుట్లు బతికిస్తాయి?' అని!

దానికోసం చెప్పిందే 'ఎమ్' లెక్క. పాల్ మాగ్రియెల్ అనే ఆటగాడి పేరులోని మొదటి అక్షరమది. బల్ల దగ్గర తొమ్మిదిమంది ఉన్నారనుకుందాం. బ్లైండ్స్ 300, 600. యాంటీ తలా 50 చొప్పున 450. అంటే ఏమీ ఆడకుండా ఒక చుట్టు కూర్చుంటే 1,350 కరిగిపోతాయి. చేతిలో 27,000 ఉంటే, దాన్ని 1,350తో భాగిస్తే ఎమ్ 20. అంటే ఇరవై చుట్ల ఆయుష్షు!

ఎమ్ 20, ఆపైన ఉంటే ఆకుపచ్చ మండలం అంటాడు హారింగ్టన్. మంచి ముక్కల కోసం తీరిగ్గా ఎదురుచూడొచ్చు. 10 నుంచి 20 మధ్య ఉంటే పసుపు. ఓపిక కాస్త తగ్గించుకోవాలి. 10 కంటే తగ్గితే నారింజ, 5కి చేరితే ఎరుపు. 1 కన్నా తక్కువైతే కూర్చున్నా లేచినా ఒకటే.

ఈ లెక్కలో అసలు కిటుకు ఇంకొకటుంది. పై ఉదాహరణలోనే బ్లైండ్స్ 600, 1,200 అయ్యాయి, యాంటీ 100 అయింది అనుకుందాం. చుట్టు ఖర్చు 2,700. చేతిలో ఆ 27,000 అలాగే ఉన్నాయి. ఒక్క చిప్పు కూడా పోలేదు. కానీ ఎమ్ 20 నుంచి 10కి పడిపోయింది! జీతం తగ్గకపోయినా బియ్యం, నూనె ధరలు పెరిగితే నెలాఖరు ముందే వచ్చేస్తుంది చూడండి... అచ్చం అలాగే. 'నేనేం ఓడిపోలేదుగా' అని ధీమాగా ఉండే ఆటగాడే ఎక్కువసార్లు మునుగుతాడు.

ఎరుపులోకి వచ్చాక రెండు ఆసుల కోసం కాచుకుని కూర్చోవడం కూడా తప్పే. రెండు ఆసులు చేతికి రావడం 221సార్లలో ఒక్కసారి జరిగే ముచ్చట. అప్పటికి చిప్స్ మిగలవు. ఎదుటివాళ్లను ఇంకా భయపెట్టగలిగినన్ని ఉండగానే, అందరికన్నా ముందు పందెం కాసే అవకాశం చూసుకుని తెగించమంటాడు. బాగా తగ్గిపోయాక తెగించినా ఎవరూ జంకరు.

పరువే పెట్టుబడి

హారింగ్టన్ అన్ని గంటలు ముక్కలు పడేస్తూ కూర్చునేది ఊరికే కాదు. 2004 చివరి బల్ల దగ్గర ఏం జరిగిందంటే... ఒక ఆటగాడు పందెం పెంచాడు. మరొకడు దానికి సరిపడా వేశాడు. హారింగ్టన్ చేతిలో ఉన్నవి ఆరు, రెండు. ఎందుకూ కొరగాని ముక్కలు! కానీ అతను ఒక్కసారిగా భారీగా పెంచాడు. అందరూ ముక్కలు పడేశారు.

ఎందుకు? మొదట పెంచినవాడికి రెండువైపులా భయం. హారింగ్టన్‌ని ఎదుర్కొన్నా వెనక ఇంకొకడున్నాడు. ఆ రెండోవాడికి నిజంగా గొప్ప ముక్కలుంటే అప్పుడే ఇంకా పెంచేవాడు, కేవలం సరిపెట్టాడంటే అంత బలం లేనట్టే. అన్నిటికీ మించి, పొద్దుట్నుంచీ నోరెత్తని మనిషి నోరు తెరిస్తే ఎవరైనా నమ్ముతారు. అదే ప్రతి ఆటకీ ఎగిరి దూకేవాడు చేసుంటే ఎవరో ఒకరు 'చూపించు' అనేవారే.

అలాగని ఎదుటివాళ్లను అతిగా నమ్మొద్దని కూడా చెబుతాడు. ఎవరైనా పెద్ద పందెం కాస్తే, వాళ్లెంత నెమ్మదస్తులైనా సరే, అది బ్లఫ్ అయ్యే అవకాశం కనీసం పది శాతం ఉందనే లెక్కలోకి తీసుకోవాలట.

సరైన ఎత్తు... తప్పు ఫలితం

ఇన్ని లెక్కలు తెలిసినా గెలుపు ఖాయమా? కాదు. రెండు ఆసులున్నవాడికీ రెండు రాజులున్నవాడికీ మధ్య మొత్తం చిప్స్ పందెం పడితే ఆసులు గెలిచేది సుమారు 80 శాతం సార్లు. అంటే అయిదింట ఒకసారి ఓటమే. అలాంటి గొప్ప అవకాశం వరసగా మూడుసార్లు వచ్చినా, మూడూ దాటి బతికే వీలు 51 శాతమే! రోజుల తరబడి సాగే టోర్నమెంట్‌లో ఇలాంటి గండాలు ఎన్నో. 2003 ప్రధాన పోటీలో వందకు పదిమంది కూడా డబ్బుతో ఇంటికి వెళ్లలేదు. ఆ ఏడాది గెలిచింది క్రిస్ మనీమేకర్ అనే టెనెసీ అకౌంటెంటు. 86 డాలర్ల ఆన్‌లైన్ పోటీ ద్వారా ప్రవేశం సంపాదించి 25 లక్షల డాలర్లు పట్టుకెళ్లాడు. ఆ కథ విని వేలమంది బల్ల దగ్గరికొచ్చారు. ఓడిన 838 మంది కథలు వినేవారెవరు?

అందుకే గెలిచినవాణ్ని చూసి 'బాగా ఆడాడు' అనీ, ఓడినవాణ్ని చూసి 'చేతకాలేదు' అనీ తేల్చేయడం ఈ ఆటలో కుదరదు. ఆ క్షణంలో తెలిసిన లెక్క ప్రకారం తీసుకున్న నిర్ణయం సరైనదా కాదా... అంతే చూసుకోవాలి. నైపుణ్యం బయటపడేది వేల ఆటలు ఆడాకే. ఇంటి అద్దె మాత్రం నెలనెలా కట్టాలి!

ఆ రెండో విద్య రానివాడి కథ స్టూ ఉంగర్‌ది. పేకముక్కల దగ్గర అంతటి మేధావి మరొకరు లేరంటారు. ఇదే ప్రధాన పోటీని 1980, 1981లో వరసగా గెలిచాడు. డబ్బంతా గుర్రప్పందేలు, ఆటల పందేలు, మాదకద్రవ్యాల పాలు చేశాడు. 1997లో ప్రవేశ రుసుముకి కూడా చేతిలో లేకపోతే మరొకరు కట్టారు. మూడోసారీ గెలిచాడు! వచ్చిన 10 లక్షల డాలర్లలో సగం డబ్బు పెట్టినవారికి పోయింది. మిగిలిందీ నిలవలేదు. 1998 నవంబరులో లాస్‌వెగాస్‌లో ఓ మోటెల్ గదిలో 45 ఏళ్లకే చనిపోయాడు. మరి హారింగ్టన్? పేకాటనే జీవనాధారం చేసుకోకుండా, ఇళ్లు కొని బాగుచేసి అమ్మేవాళ్లకి అప్పులిచ్చే సంస్థను కాలిఫోర్నియాలో భాగస్వాములతో కలిసి పెట్టాడు.

తలుపు ఉన్న గది, లేని గది

నైపుణ్యమా, అదృష్టమా అన్న చర్చ మనకీ కొత్త కాదు. రమ్మీలో ప్రధానంగా కావాల్సింది నైపుణ్యమేనని 1968లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులోనే. ఆ తర్వాత పేకాట సెల్‌ఫోన్లలోకి వచ్చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా చట్టం చేసింది.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన తేడా ఒకటుంది. 'ఎరుపులోకి వచ్చాక తెగించు' అన్న సలహా టోర్నమెంట్‌లోనే చెల్లుతుంది. ఎందుకంటే అక్కడ నష్టానికి హద్దుంది. ప్రవేశానికి కట్టిన రుసుము పోతుంది, లేచి బయటికి నడవాల్సిందే. ఇంట్లో ఫోను పట్టుకుని ఆడేవాడికి లేవమని చెప్పేవారుండరు. చిప్స్ అయిపోతే ఖాతాలోంచి ఇంకొంత, అదీ అయిపోతే అప్పు తెచ్చి ఇంకొంత. పోయింది రాబట్టాలనే తెగింపుకి అక్కడ అడ్డే ఉండదు. ఎవరు గెలిచినా ఓడినా ఆట నడిపేవాడి కమీషన్ మాత్రం ఆగదు.

కాబట్టి పేకముక్క ముట్టుకోని ఇంట్లో కూడా హారింగ్టన్ నుంచి తీసుకోదగింది ఆ భాగహారమే. బ్యాంకులో వెంటనే తీసుకోగలిగిన డబ్బెంత? అద్దె, పిల్లల ఫీజులు, కిరాణా, మందులు, వాయిదాలు కలిపి నెల గడవడానికి అయ్యేదెంత? మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే... ఒక్క రూపాయి రాకపోయినా ఇల్లు ఎన్ని నెలలు నిలుస్తుందో తెలుస్తుంది. ఏడాదికోసారి కాదు, ఖర్చు పెరిగిన ప్రతిసారీ వేసుకోవాల్సిన లెక్క ఇది. కొత్త వాయిదా ఒకటి నెత్తికెత్తుకునే ముందైతే తప్పకుండా!