ముక్కెత్తిన పడవ

సెలవులకు వచ్చిన మా మనవడు ఈసారి రిమోట్‌తో నడిచే పందెం పడవ వెంట తెచ్చాడు. ఊరి బయటి చెరువులో వదిలాం. నిండు వేగం అందుకోగానే ముక్కు పైకెత్తి, వెనక్కు పల్టీ కొట్టి బోర్లా పడింది. మూడుసార్లు వదిలితే మూడుసార్లూ అంతే. “మోటారు చాలడం లేదు తాతయ్యా, పెద్దది కొనాలి” అన్నాడు.

ఈ రకం పడవను హైడ్రోప్లేన్ అంటారు. ముందు రెండు పక్కలా దిమ్మెల్లాంటి స్పాన్సన్లుంటాయి. వేగంలో ఇది నీళ్ళలో ఈదదు. స్పాన్సన్ల రెండు మడమలూ, వెనక సగం మునిగిన ప్రొపెల్లరూ మాత్రమే నీటిని తాకుతాయి. స్పాన్సన్ అడుగు సుమారు రెండు నుంచి నాలుగు డిగ్రీల వాలులో ఉండాలి. వాలు ఎక్కువైతే కిందికి గాలి దూరి ముక్కు లేస్తుంది. తక్కువైతే ముక్కు నీటిని దున్నుతుంది.

ఇది బొమ్మలకే వచ్చే జబ్బు కాదు. డొనాల్డ్ క్యాంప్‌బెల్ తన జెట్ పడవ ‘బ్లూబర్డ్ కె7’తో 1955-64 మధ్య ఏడుసార్లు నీటిపై ప్రపంచ వేగ రికార్డు నెలకొల్పాడు. 1967 జనవరి 4న ఇంగ్లండులోని కానిస్టన్ సరస్సులో గంటకు 480 కిలోమీటర్లు దాటిన వేగంలో అదే పడవ ముక్కెత్తి తిరగబడింది. ఆయన ప్రాణం పోయింది. ఈ సంగతి చెప్పాక మావాడు మోటారు మాట ఎత్తలేదు.

ఇంటికొచ్చి బల్లమీద అద్దపు పలక పరిచి, పడవను దానిపై నిలబెట్టాం. స్పాన్సన్ల అడుగు ముందు కొస అద్దానికి ఎంతెత్తున ఉందో స్టీలు స్కేలుతో కొలిస్తే, ఎడమది కుడిదానికంటే రెండు మిల్లీమీటర్లు ఎక్కువ! మరలు వదులై జరిగింది. పైగా మావాడు ముచ్చటపడి వేసిన దళసరి రంగుతో మడమల అంచులు గుండ్రమయ్యాయి. అంచు గుండ్రంగా ఉన్న గిన్నెలోంచి పాలు వంపితే గిన్నెనంటుకునే కారతాయి కదా, నీరూ అలాగే మడమను వదలదు. చెక్కకు చుట్టిన ఉప్పుకాగితంతో అంచులు పదునుగా రుద్దాం. మరలు బిగించి వాలు సరిచేశాం.

అక్కడ ఆగవలసింది. తొందరపడి బ్యాటరీని కూడా రెండు వేళ్ళ మేర ముందుకు జరిపాను. మర్నాడు పల్టీ లేదు కాని, పడవ దున్నపోతులా నీరు చిమ్ముకుంటూ నడిచింది. మేలు చేసిందేదో, కీడు చేసిందేదో ఎలా తెలుస్తుంది? మావాడే, “ఒకసారికి ఒకటే మారుద్దాం తాతయ్యా” అని నోటుపుస్తకం తీశాడు. బ్యాటరీ ఒక వేలు వెనక్కు జరిపాం. అంతే, తేలిపోయింది.

ఇక మిగిలింది మలుపు. అమెరికాలో ఈ మోడళ్ళ పందేలు సాధారణంగా కుడి చేతి వాటంగా సాగుతాయి కనుక మలుపు రెక్కను కుడి స్పాన్సన్‌కే బిగిస్తారు. మా పడవకూ అక్కడే ఉంది. ఎడమకు తిప్పితే ఇప్పటికీ బోర్లా పడుతోంది. ఆదివారం రాత్రి బండికి వాడి ప్రయాణం. పడవ మాత్రం మా వసారాలోనే ఉంది.