సొమ్మొకరిది... సోకొకరిది

ఏ జిల్లా కేంద్రానికి వెళ్లినా కోర్టు ఎదురుగానో తహసీల్దారు కార్యాలయం పక్కనో డీటీపీ, జిరాక్స్ దుకాణాలు వరసగా కనిపిస్తాయి. లోపల ఎనిమిదేళ్ల నాటి డెస్క్‌టాప్, తెర మీద పేజ్‌మేకర్, అందులో అను ఫాంట్లు. అఫిడవిట్లు, పెళ్లిపత్రికలు, దశదిన కర్మ కార్డులు, ఎన్నికల కరపత్రాలు అన్నీ ఆ ఒక్క పెట్టె మీదే తయారవుతాయి. పాత హార్డ్‌డిస్క్ తీయించి ఎస్ఎస్‌డీ వేయిస్తే, ఇంకో 4 జీబీ ర్యామ్ తగిలిస్తే మరో అయిదేళ్లు ఢోకా ఉండదన్నది దుకాణదారు లెక్క. 2025 అక్టోబరు 14న ఆ లెక్క తప్పింది. విండోస్ 10కి ఉచిత భద్రతా అప్‌డేట్లను మైక్రోసాఫ్ట్ ఆ రోజుతో నిలిపివేసింది. యంత్రం చెడిపోలేదు, ప్రింటరు ఆగలేదు. అయినా ‘మీ కంప్యూటరుకు కాలం చెల్లింది, కొత్తది చూసుకోండి’ అన్న అర్థంలో తెర నిండా తాఖీదులు!

కాకతాళీయమే కావచ్చు, సరిగ్గా అదే రోజున ఢిల్లీలో మరో ప్రకటన వెలువడింది. విశాఖపట్నంలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో కృత్రిమ మేధ కేంద్రం నెలకొల్పుతామని గూగుల్ చెప్పింది. పెట్టుబడి రావాల్సిందే, దాన్ని ఎవరూ కాదనరు. అయితే కృత్రిమ మేధ పేరిట మన గడ్డ మీద కొత్త యంత్రశాలలు లేస్తున్న వేళ, అదే కృత్రిమ మేధ పేరు చెప్పి మన బల్లల మీది యంత్రాలను ముసలివిగా ముద్ర వేస్తుంటే చూస్తూ ఊరుకోవాలా? మా అభిప్రాయం స్పష్టం. డబ్బు పెట్టి కొన్న కంప్యూటరు కొన్నవారిదే. అందులో ఏముండాలో, ఏముండకూడదో తేల్చాల్సింది వారే. ఆ మాటను మార్కెట్ దయకు వదిలేయకుండా చట్టంతో చెప్పించాలి.

ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌ను పదేళ్లు పోషించాం, ఇంకెన్నాళ్లని మైక్రోసాఫ్ట్ వాదిస్తోంది. విండోస్ 10 వచ్చింది 2015 జులైలో కాబట్టి పదేళ్ల మాట నిజమే. కానీ ఆ పదేళ్లు సాఫ్ట్‌వేర్ వయసు, దాన్ని కొన్నవారి యంత్రం వయసు కాదు. ఏడో తరం ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్లు 2018లోనూ దుకాణాల్లో కొత్తవిగానే అమ్ముడయ్యాయి. 2021 అక్టోబరులో విండోస్ 11 వచ్చేసరికి వాటి వయసు మూడేళ్లు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఎనిమిదో తరం లేదా ఆపై ప్రాసెసరు ఉంటేనే కొత్త వ్యవస్థను ఇస్తామన్న షరతు వాటిని గడప బయటే నిలిపేసింది. భద్రత కోసం హార్డ్‌వేర్ స్థాయిని పెంచడం తప్పు కాదు. గీత ఎవరి కోసం జరుగుతుందన్నదే ప్రశ్న. ఏడో తరం ప్రాసెసర్లలో కొన్నింటికి మాత్రం మినహాయింపు దక్కింది. వాటిలో ఒకటి అప్పటికి మైక్రోసాఫ్ట్ తానే అమ్ముతున్న సర్ఫేస్ స్టూడియో 2లోని ప్రాసెసరు! ఇంటివాడికి ఒక నీతి, ఊరివాడికి ఒక నీతి అనేది ఇందుకే.

మిగిలినవారికి ఏడాది గడువిచ్చారు. మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచి 30 డాలర్లు కట్టాలి, లేదా ఆ సంస్థ ఇచ్చే వెయ్యి రివార్డు పాయింట్లు చెల్లించాలి, అదీ కాదంటే కంప్యూటర్ సెట్టింగులను ఆ సంస్థ క్లౌడ్‌లో దాచుకోవాలి. అప్పుడే 2026 అక్టోబరు వరకు భద్రతా అప్‌డేట్లు అందుతాయి. ఐరోపాలో వినియోగదారుల సంఘాలు నిలదీయడంతో, అక్కడివారికి డబ్బు కట్టే పనీ సెట్టింగులు క్లౌడ్‌కు పంపే పనీ లేకుండానే ఇస్తామని అదే సంస్థ దిగివచ్చింది. ఖాతా ఒక్కటి ఉంటే చాలంది. పారిస్‌లోని కంప్యూటరుకు ఒక ధర్మం, పాలకొల్లులోని కంప్యూటరుకు మరో ధర్మం ఎలా కుదురుతాయి? అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఐరోపా అడిగింది, మనం అడగలేదు. తేడా అంతే.

పాతదాన్ని ఇలా సాగనంపుతూ అంటగడుతున్న కొత్త సరుకు సంగతి చూద్దాం. 2024 మేలో ‘కోపైలట్ ప్లస్ పీసీ’ల పేరిట కొత్త వర్గం యంత్రాలను మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు కట్టగల ఎన్‌పీయూ అనే కృత్రిమ మేధ ప్రాసెసరు, 16 జీబీ ర్యామ్ ఉంటేనే ఆ బిరుదు. వాటి ప్రధాన ఆకర్షణగా చూపిన ‘రీకాల్’ కొన్ని సెకన్లకోసారి తెరను ఫొటో తీసి దాచిపెడుతుంది, అడిగినప్పుడు వెతికి ఇస్తుంది. ఆ సమాచారం కంప్యూటరు దాటి పోదని సంస్థ భరోసా ఇచ్చింది. కానీ తొలి రూపంలో ఆ ఫొటోల్లోని రాత అంతా ఎన్‌క్రిప్షన్ లేని డేటాబేసులో పడి ఉంటోందని భద్రతా నిపుణులు తవ్వి చూపారు. విడుదలకు కొద్ది రోజుల ముందు దాన్ని ఆపేయాల్సి వచ్చింది. సొంతదారు ఒప్పుకొంటేనే పనిచేసేలా, ముఖమో వేలిముద్రో చూపిస్తేనే తెరుచుకునేలా మార్చి 2025 ఏప్రిల్‌లో మళ్లీ తెచ్చారు. అయినా నమ్మకం కుదరని సిగ్నల్ మెసేజింగ్ యాప్, విండోస్‌లో తన తెరను ఎవరూ ఫొటో తీయకుండా ఆ మరుసటి నెలలోనే అడ్డుకట్ట వేసుకుంది.

మన దేశంలో దీని తీవ్రత ఎక్కువ. ఇక్కడ కంప్యూటరు ఒక్కరిది కాదు. ఇంట్లో ఒకటుంటే నలుగురు వాడతారు. ఆన్‌లైన్ సెంటర్లో ఒక్క తెర మీద రోజుకు వందమంది ఆధార్ కార్డులు, పాస్‌బుక్కులు, కుల ధ్రువపత్రాలు కదులుతుంటాయి. సున్నిత సమాచారాన్ని వడకట్టే ఏర్పాటు ఉందని సంస్థ చెప్పవచ్చు. కానీ రీకాల్‌కు సమ్మతి తెలిపేది దుకాణదారు, తెర మీద కనిపించేది బల్లకు ఇవతల నిలబడ్డ రైతు వివరాలు. ఆ రైతు సమ్మతి ఎవరు అడిగారు? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోతే అవి కాగితాలకే పరిమితం.

రీకాల్ వద్దనుకున్నంత మాత్రాన బెడద వదిలిపోదు. కూరగాయల చిట్టా రాసుకునే నోట్‌ప్యాడ్‌లోకి కృత్రిమ మేధ వచ్చి కూర్చుంది. ఉచితంగా ఉత్తరం రాసుకోవడానికి పనికొచ్చిన వర్డ్‌ప్యాడ్‌ను మాత్రం తీసేశారు. కీబోర్డులపై మైక్రోసాఫ్ట్ కృత్రిమ మేధ సహాయకుడు కోపైలట్ కోసం ప్రత్యేకంగా ఒక మీటే పుట్టుకొచ్చింది. వీటి గురించి అడిగే పెట్టెల్లో ‘సరే’ ఉంటుంది, ‘తర్వాత గుర్తుచేయి’ ఉంటుంది, ‘వద్దు’ మాత్రం వెతికినా దొరకదు. వెనకటికి ఊళ్లలో దయ్యం భయానికి తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకునేవారు. ‘తర్వాత గుర్తుచేయి’ నొక్కడమూ అలాంటిదే. రేపు రమ్మన్నాం కాబట్టి రేపు వస్తుంది. ఎల్లుండి కూడా వస్తుంది.

ఇది కృత్రిమ మేధపై కత్తి దూయడం కాదు. చూపు లేనివారికి తెర మీది బొమ్మలో ఏముందో చదివి చెప్పడం, వినబడనివారికి మాటలను అప్పటికప్పుడు అక్షరాలుగా చూపడం గొప్ప మేళ్లు. కావాలనుకున్నవారికి అవి అందాలి. మా అభ్యంతరం బలవంతపు వడ్డనపైనే, ఆ వడ్డనకు బిల్లు కూడా వేయడంపైనే. ఆస్ట్రేలియాలో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ సాఫ్ట్‌వేర్ చందాలో కోపైలట్‌ను కలిపేసి, వ్యక్తిగత చందాను ఏడాదికి 109 నుంచి 159 ఆస్ట్రేలియన్ డాలర్లకు పెంచారు. కోపైలట్ లేని పాత చందా పాత ధరకే ఉందన్న సంగతిని దాదాపు 27 లక్షల మందికి సరిగ్గా చెప్పలేదని అక్కడి వినియోగదారుల సంరక్షణ కమిషన్ 2025 అక్టోబరులో కోర్టుకెక్కింది. ఆ తర్వాత సంస్థ క్షమాపణ చెప్పి, డబ్బు వాపసు ఇస్తామంది. ఇక్కడా అడిగినవారికే న్యాయం.

కృత్రిమ మేధ జోలికే వెళ్లనివారికీ దాని సెగ తగులుతోంది. డేటా కేంద్రాలకు కావలసిన ఖరీదైన మెమరీ వైపు చిప్పుల సంస్థలు మళ్లడంతో 2025 చివరికి మామూలు ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి. హైదరాబాద్‌లోనూ కేంద్రమున్న మైక్రాన్, దాదాపు మూడు దశాబ్దాలుగా ఇంటి వినియోగదారులకు ర్యామ్, ఎస్ఎస్‌డీలు అమ్మిన తన ‘క్రూషియల్’ వ్యాపారాన్ని మూసేస్తున్నట్లు డిసెంబరులో ప్రకటించింది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ విపణిలో మెట్లెక్కి దిగి బేరమాడి పాత ల్యాప్‌టాప్‌కు ప్రాణం పోయించుకునే బీటెక్ విద్యార్థికి ఆ దారీ ఇరుకైపోతోంది. పాతది వాడొద్దంటారు. కొత్తది కొనలేని ధరకు చేరుస్తారు. బాగు చేసుకుందామంటే విడిభాగం దొరకదు!

ఆటల లోకానిదీ ఇదే కథ. 2025 జనవరిలో ఎన్‌విడియా 549 డాలర్ల ఆర్‌టీఎక్స్ 5070 గ్రాఫిక్స్ కార్డును చూపిస్తూ, 1,599 డాలర్ల 4090 అంత పనితీరు ఇస్తుందని చాటుకుంది. అందులో కిటుకేమిటంటే, కార్డు నిజంగా గీసిన ఒక్కో దృశ్యానికి కృత్రిమ మేధ మరో మూడింటిని ఊహించి మధ్యలో జొప్పిస్తుంది. కంటికి ఆట నునుపుగా కనిపిస్తుంది, మీట నొక్కిన వేలికి మాత్రం ఆ వేగం అందదు. ఇష్టమైనవారు వాడుకునే సదుపాయంగా అది బాగుంటుంది. ఊహించిన దృశ్యాలను నిజమైనవాటితో కలిపి లెక్కగట్టి అమ్మితే తూకంలో మోసమే. కొన్న ఆటకైనా భరోసా ఉందా? 2014లో వచ్చిన ‘ది క్రూ’ అనే కార్ల పందేల ఆటకు 2024 మార్చి 31న దాని తయారీ సంస్థ యూబీసాఫ్ట్ సర్వర్లు ఆపేసింది. డబ్బిచ్చి కొన్నవారి దగ్గర మిగిలింది పనికిరాని డిస్కు. ఆ కడుపుమంటే ఐరోపాలో 10 లక్షల సంతకాలు దాటిన ప్రజా వినతిగా మారింది. అమ్ముతున్నది ఆటను కాదు, లైసెన్సును మాత్రమేనని కొనేముందే చెప్పాలని కాలిఫోర్నియా చట్టం చేసింది.

ప్రత్యామ్నాయం లేదనుకోవడం పొరపాటు. 2018లో వాల్వ్ సంస్థ తెచ్చిన ‘ప్రోటాన్’ పుణ్యమా అని విండోస్ కోసం తయారైన వేల ఆటలు నేడు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లో నడుస్తున్నాయి. కేరళ సర్కారు బడుల్లో ఏళ్లుగా లినక్స్ ఆధారిత వ్యవస్థే నడుస్తోంది. తెలుగులో కంప్యూటరును పలికించడానికి హైదరాబాద్‌లో ‘స్వేచ్ఛ’ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ కార్యకర్తలు ఎప్పుడో నడుం కట్టారు. అయితే పేజ్‌మేకర్, అను ఫాంట్లకు అలవాటు పడ్డ డీటీపీ దుకాణదారును రాత్రికి రాత్రి లినక్స్‌కు మారమనడం ఆచరణలో కుదరని సలహా. అతడికి మారే వ్యవధి కావాలి, అంతవరకు భద్రత కావాలి.

కాబట్టి కేంద్రం చేయాల్సినవి ఉన్నాయి. ఐరోపాకిచ్చిన సడలింపును భారత వినియోగదారులకూ ఇవ్వాలని మైక్రోసాఫ్ట్‌ను గట్టిగా కోరాలి. పదేపదే విసిగించడం, బలవంతంగా ఒప్పించడం లాంటి 13 మాయోపాయాలను నిషేధిస్తూ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు మన చేతిలోనే ఉన్నాయి. వాటిని ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద ప్రయోగించాలి. కృత్రిమ మేధ సదుపాయం ఏదైనా మొదట ఆపేసే ఉండాలి, వద్దంటే పూర్తిగా తొలగాలి. ఈ-వ్యర్థాల నిబంధనలు యంత్రం తయారుచేసినవారిపై బాధ్యత మోపాయి సరే, బతికున్న యంత్రాన్ని చచ్చినట్లు ప్రకటించే సాఫ్ట్‌వేర్ సంస్థకూ అందులో వాటా పంచాలి. రెండు తెలుగు రాష్ట్రాలూ సర్కారు బడులు, కళాశాలల్లోని విండోస్ 10 కంప్యూటర్లను తుక్కుకు వేసేముందు లినక్స్‌తో నడిపి చూడాలి, ప్రభుత్వ వ్యవహారాలన్నిటా ఏ వ్యవస్థలోనైనా కనిపించే యూనికోడ్ తెలుగును ఖాయం చేయాలి.

మైక్రోసాఫ్ట్‌ను నడుపుతున్నది హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ల. 1998 నుంచి దాని అభివృద్ధి కేంద్రం ఈ నగరంలోనే ఉంది. మనవాడు ఎదిగాడని సంబరపడ్డ ఊరికి, మనవాడని నిలదీసే చనువూ ఉంటుంది. కీబోర్డు మీద కోపైలట్‌కు ఒక మీట కేటాయించగలిగిన సంస్థకు, కోర్టు ఎదుటి దుకాణంలోని తెర మీద ‘వద్దు’ అనే మాటకు కాస్త చోటు దొరకదా?