పది తప్పితే చదువు ముగిసినట్లేనా? సుగ్గికి పోయే తల్లిదండ్రులు తెలుసుకోవలసిన లెక్కలు

మంత్రాలయం: తుంగభద్ర ఒడ్డునే ఉన్నా మంత్రాలయం, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు మండలాల్లో వాన మీదే ఆధారపడిన పల్లెలు అనేకం. ఖరీఫ్ పంట ఇంటికి చేరగానే, లేదా ఇక చేరదని తేలగానే, కుటుంబాలకు కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని సుగ్గికి బయలుదేరడం ఏటా కనిపించే దృశ్యమే. గుంటూరు, పల్నాడు ప్రాంతాలకు మిరప కోతలకు, తెలంగాణకు పత్తి తీతకు, బెంగుళూరుకు బేల్దారి పనికి పోతారు. మిరప కోతలు జోరుగా సాగేది జనవరి నుంచి మార్చి దాకా. పదో తరగతి పరీక్షలు జరిగేదీ మార్చిలోనే. ఈ రెండింటికీ పొత్తు కుదరక మధ్యలో నలిగిపోతున్నది పిల్లల చదువు.

2024 మార్చి పదో తరగతి పరీక్షల్లో రాష్ట్రం మొత్తం మీద 86.69 శాతం మంది పాస్ కాగా, కర్నూలు జిల్లాలో పాసైనవారు 62.47 శాతమే. రాష్ట్రంలో చివరి స్థానం మనదే. పరీక్ష వ్రాసిన ప్రతి ఎనిమిది మందిలో ముగ్గురు తప్పారన్నమాట. అంతకు ముందు ఏడాది, 2023లో, చివరి స్థానం మన జిల్లా నుంచే విడిపోయిన నంద్యాలది. ఇందుకు వలస ఒక్కటే కారణం కాదు. అయితే పాస్ కావడానికి ఏమేమి కావాలో, తప్పితే ఏ దారులున్నాయో చాలామంది తల్లిదండ్రులకు తెలియకపోవడం కూడా ఒక కారణమని చెప్పక తప్పదు.

తల్లిదండ్రుల తప్పు ఇందులో కొంతే. ఎనిమిదో తరగతి దాకా పిల్లవాడు బడికి పోయినా, అప్పుడప్పుడు మానినా ఏటేటా పై తరగతికి వెళ్తూనే ఉంటాడు. విద్యాహక్కు చట్టం రక్షణ కూడా 14 ఏళ్ల వయసు వరకే. అందువల్ల 'మావాడు పాసవుతూనే ఉన్నాడు' అని ఇంట్లో నమ్ముతారు. మొట్టమొదటి గట్టి గేటు పదో తరగతిలోనే ఎదురవుతుంది. దాని సంగతి అక్కడికి చేరేదాకా ఎవరూ చెప్పరు.

పాస్ లెక్క ఏమిటి?

పదో తరగతిలో సబ్జెక్టులు ఆరు. మొత్తం మార్కులు 600. ప్రతి సబ్జెక్టులో నూటికి 35 రావాలి. రెండో భాషగా హిందీ వ్రాసేవారికి అందులో మాత్రం 20 వస్తే చాలు. సైన్సులో భౌతికశాస్త్రం 50, జీవశాస్త్రం 50 మార్కులకు రెండు పేపర్లుంటాయి. రెండూ కలిపి 35 రావాలి.

ఇక్కడ తల్లిదండ్రులు గమనించవలసింది ఒకటున్నది. మొత్తం మార్కులు ఎన్ని వచ్చాయన్నది కాదు, ఏ సబ్జెక్టు తప్పిందన్నది ముఖ్యం. ఒక విద్యార్థికి ఐదు సబ్జెక్టుల్లో 60 చొప్పున వచ్చి, లెక్కల్లో 30 వచ్చాయనుకుందాం. మొత్తం 330. అయినా అతడు తప్పినట్లే. అన్నింటిలో 36 చొప్పున 216 తెచ్చుకున్నవాడు పాస్. కనుక 'బాగా చదువుతున్నాడా' అని అయ్యవారిని అడిగితే చాలదు. 'ఏ సబ్జెక్టులో వెనుకబడ్డాడు?' అని అడగాలి.

రెండో షరతు హాజరు. రెగ్యులర్ విద్యార్థికి 75 శాతం హాజరు ఉండాలి. ఏడాదికి పని దినాలు 220 అనుకుంటే, 165 రోజులు బడిలో ఉండాలి. మానడానికి మిగిలేవి 55 రోజులు. జనవరిలో సుగ్గికి పోయి పరీక్షల ముందు తిరిగి వచ్చే పిల్లలకు అవన్నీ అక్కడే ఖర్చవుతాయి. ఆపైన ఒక జ్వరం వచ్చినా, ఒక పెండ్లికి పోయినా హాజరు తక్కువ పడుతుంది. పైగా జనవరి, ఫిబ్రవరి నెలలే పాఠాలన్నీ తిరగవేసే కాలం.

వలస కుటుంబాల పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు నడుస్తూ వచ్చాయి. వీటితో పాటు బి.సి., ఎస్.సి. సంక్షేమ హాస్టళ్లు, బాలికలకు కస్తూర్బా విద్యాలయాలు ఉన్నాయి. సీటు సంగతి సుగ్గికి బయలుదేరే రోజున కాక, దసరాకు ముందే ప్రధానోపాధ్యాయుణ్ణి, మండల విద్యాశాఖాధికారిని అడిగి ఖాయం చేసుకోవాలి. పిల్లను అవ్వతాతల దగ్గర విడిచి పోయేవారు ఆ సంగతి బడిలో చెప్పి, తమ ఫోను నంబరు ఇచ్చి పోవడం మంచిది.

తప్పినవారికి దారులు

ఫలితాలు వచ్చిన రోజున తప్పిన పిల్లవాణ్ణి చాలా ఇండ్లలో నేరుగా పనికి తోలుతున్నారు. ఆడపిల్ల అయితే సంబంధాలు చూడడం మొదలవుతుంది. 18 ఏళ్లు నిండని పెండ్లి చట్టవిరుద్ధమని తెలిసి కూడా జరుగుతున్నది ఇదే. కాని తప్పిన మాత్రాన ఏడాది పోయినట్లు కాదు. 2025లో ఫలితాలు ఏప్రిల్ 23న వచ్చాయి. సప్లిమెంటరీ పరీక్షలు మే 19నే మొదలయ్యాయి. తప్పిన సబ్జెక్టు ఒక్కటి వ్రాస్తే చాలు. పాసైనవి మళ్లీ వ్రాయనక్కరలేదు. అందులో పాసైతే అదే ఏడాది ఇంటర్‌లో చేరవచ్చు. అయితే ఫీజు కట్టే గడువు కొద్ది రోజులే ఉంటుంది. బెంగుళూరులో ఉన్న తండ్రికి ఆ కబురు అందేలోగా గడువు దాటిపోతుంది. కనుక ఫలితాల వేళకు ఇంటివారొకరు ఊళ్లో ఉండడం అవసరం.

మార్కులపై అనుమానం ఉంటే రీకౌంటింగు, రీవెరిఫికేషను కోరే హక్కు ఉన్నది. 2025లో ఇలా కోరిన మీదట పది వేలకు పైగా జవాబుపత్రాల్లో మార్కులు మారాయి. రెండు మూడు మార్కుల్లో తప్పిన పిల్లలు దీనిని విడిచిపెట్టరాదు. అలాగని దాని మీదే ఆశ పెట్టుకుని సప్లిమెంటరీ మానుకోవడమూ తగదు. రెండు దరఖాస్తులూ చేయాలి.

బడి మానేసి ఏళ్లు గడిచినవారికి సార్వత్రిక విద్యాపీఠం ఉన్నది. 14 ఏళ్లు నిండినవారు పదో తరగతికి, పది పాసై 15 ఏళ్లు నిండినవారు ఇంటర్‌కు ఇందులో చేరవచ్చు. రోజూ బడికి పోయే పని లేదు. సుగ్గికి పోయే యువకులకు, పెండ్లయిన ఆడపిల్లలకు ఇది అనువైన దారి.

ఇంటర్ సంగతి

పది పాసైతే సగం ఏరు దాటినట్లే. డిగ్రీకైనా, ఇంజనీరింగుకైనా ఇంటర్ రెండు సంవత్సరాల పేపర్లూ పాస్ కావాలి. మొదటి సంవత్సరంలో ఒక పేపరు తప్పినా రెండో సంవత్సరం తరగతులకు పోవచ్చు. ఆ పేపరు మాత్రం తర్వాత వ్రాసి పాస్ కావలసిందే. 2025-26 నుంచి మొదటి సంవత్సరంలో లెక్కలు ఒకే పేపరుగా, 100 మార్కులకు మారాయి. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం కలిపి జీవశాస్త్రం అయింది. అన్నలు, అక్కలు చదివిన నాటి లెక్క ఇప్పుడు పనికిరాదు. చేరిన రోజే కాలేజీలో కొత్త లెక్క అడిగి వ్రాసుకోవాలి.

గ్రూపు ఎంపిక కూడా తొందరలో జరుగుతున్నది. లెక్కలు లేని గ్రూపులో చేరి తర్వాత ఇంజనీరింగు కావాలంటే దారి మూసుకుపోతుంది. స్నేహితుడు చేరాడని చేరడం కాక, పిల్లవాడు ఏం కావాలనుకుంటున్నాడో ముందు తేల్చుకోవాలి. ఇంటర్ ఇష్టం లేనివారికి పాలిటెక్నిక్, ఐ.టి.ఐ. ఉన్నాయి. పదిలో మంచి మార్కులు తెచ్చుకున్నవారికి ఇడుపులపాయ ట్రిపుల్ ఐ.టి. వంటివి ఉన్నాయి.

అందుతున్న సాయం

2025 జూన్‌లో తల్లికి వందనం కింద ఇంటర్ వరకు చదివే ఒక్కొక్క బిడ్డకు 13 వేల రూపాయల చొప్పున తల్లుల ఖాతాలలో పడింది. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్.టి.సి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు, బాలికలకు టికెట్టు లేదు. బస్సు ఖర్చు భరించలేక ఆదోనికి, ఎమ్మిగనూరుకు ఆడపిల్లను పంపలేమనే మాటకు ఇక తావు లేదు.

చాలామందికి తెలియనిది జాతీయ ప్రతిభా ఉపకార వేతనం. ప్రభుత్వ పాఠశాలలో ఎనిమిదో తరగతిలో ఉండగా పరీక్ష వ్రాసి ఎంపికైతే, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12 వేలు వస్తుంది. తండ్రి ఒక సుగ్గిలో మిగుల్చుకునే డబ్బుతో పోల్చి చూస్తే ఇది చిన్న మొత్తం కాదు.

కాగితాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. పదో తరగతి సర్టిఫికెట్టులోని పేరు, పుట్టిన తేదీలే తర్వాత ఉద్యోగానికి, పాస్‌పోర్టుకు ఆధారం. పరీక్ష ఫీజు కట్టేటప్పుడే వాటిని సరిచూసుకోవాలి. ఉద్యోగాలకు స్థానికత కోసం నాలుగో తరగతి నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. రాయచూరు, బళ్లారి వైపు కొన్నేళ్లు చదివించేవారు ఈ సంగతి మరువరాదు.

ప్రభుత్వం చేయవలసిందీ ఉన్నది. తల్లిదండ్రుల సమావేశాలు 2024లో డిసెంబరు 7న, 2025లో జూలై 10న జరిపారు. డిసెంబరు నాటికి మా పల్లెల్లో చాలా ఇండ్లకు తాళాలు పడతాయి. జూలై అయితే అందరూ ఊళ్లోనే ఉంటారు. పదో తరగతి తల్లిదండ్రులకు పాస్ లెక్క, హాజరు లెక్క చెప్పి, హాస్టలు సీటు ఖాయం చేయవలసింది అప్పుడే. సరిహద్దు గ్రామాల్లో ఇంట్లో కన్నడం మాట్లాడేవారికి ఆ మాట కన్నడంలోనే చెప్పాలి.

సుగ్గి మానమని ఎవరూ చెప్పలేరు. చేను పండని చోట కడుపు నిండడానికి అదే దిక్కు. కాని ఆ ఏడాది ఇంట్లో పదో తరగతి బిడ్డ ఉంటే, ఆ బిడ్డ మాత్రం ఊళ్లో ఉండాలి. ఒక్క ఏడాది ఈ ఏర్పాటు చేయగలిగితే, ఆ బిడ్డ తన పిల్లలను వెంటబెట్టుకుని సుగ్గికి పోవలసిన అవసరం రాకపోవచ్చు.