బల్లమీద తల వాల్చితే కెమెరా ఏం రాసుకుంటుంది?

2018లో చైనాలోని హాంగ్‌ఝౌ నగరంలో ఒక హైస్కూలు తరగతి గదిలో కెమెరాలు పెట్టారు. 30 సెకన్లకొకసారి అవి పిల్లల ముఖాలు చూసి సంతోషమో, కోపమో, భయమో నమోదు చేసేవి. చదువుతున్నాడా, చెయ్యెత్తాడా, బల్లమీద వాలాడా అన్నదీ లెక్కే.

ఈ సంగతి మా గదిలో మాటల్లోకి వచ్చినప్పుడు ముందు నవ్వుకున్నాం. మన హాస్టల్ పిల్లలు కూర్చునే తరగతిలో ఆ కెమెరా పెడితే మధ్యాహ్నానికి సగంమంది దోషులే. తెల్లవారుజామున అయిదింటికి బెల్లు, నీళ్ళ దగ్గర క్యూ, స్టడీ అవర్, ఆపైన బడికి నడక. పదకొండింటికి కళ్ళు మూతపడితే అది పాఠం మీద అయిష్టమా? ఎనిమిదో తరగతిలో మాలో ఒకడు తల వాల్చితే సోషల్ మాస్టారు దగ్గరికొచ్చి నుదురు తాకి చూశారు. జ్వరం. కెమెరా అయితే 'వాలాడు' అని రాసుకుని ఊరుకునేది.

అలాగని యంత్రమే వద్దనం. బి.ఎడ్. చదివిన అన్నయ్యలకు, అక్కయ్యలకు ఫ్లాండర్స్ పద్ధతి గుర్తుండే ఉంటుంది. వెనక కూర్చుని 3 సెకన్లకొక అంకె వేయాలి. మొత్తం 10 రకాలు: 7 టీచరు మాటలకు, 2 పిల్లల మాటలకు, చివరిది నిశ్శబ్దానికో గందరగోళానికో. 45 నిమిషాల పీరియడ్‌కు 900 అంకెలు! ఎవరి గొంతు ఎంతసేపు వినిపించిందో ఇప్పుడు మైకు, కంప్యూటరు కలిసి లెక్కగట్టగలవు. (రేకుల కప్పుమీద వాన పడుతుంటే ఏం వినపడుతుందో వేరే మాట.)

ప్రశ్న వేశాక టీచర్లు ఆగేది సుమారు 1 సెకనేనని అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలోనే చెప్పారు. 3 సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతాయి, నోరు విప్పని పిల్లలూ మాట్లాడతారు. తెలుగు మీడియం నుంచి ఇంగ్లీషు మీడియంకు మారిన మాకు ఆ 3 సెకన్ల విలువ తెలుసు. తెలుగులో తట్టిన జవాబును ఇంగ్లీషులోకి మార్చుకునేలోపు ప్రశ్న పక్కవాడి దగ్గరికి వెళ్ళిపోయేది.

అందుకే గొంతు లెక్క సరే, ముఖం లెక్క వద్దంటున్నాం. ఆ లెక్క కూడా ముందు ఆ టీచరు చేతికే ఇవ్వాలి. పై అధికారుల తనిఖీకి ముడిపెడితే పాఠం లెక్క కోసమే నడుస్తుంది. తనిఖీ రోజు భోజనంలో కూర ఎంత చిక్కగా ఉంటుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

బడుల్లో ముఖం చూసి మనసు అంచనా కట్టే యంత్రాలను యూరోపియన్ యూనియన్ 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించింది, వైద్యం, భద్రత అవసరాలకు తప్ప. మన దగ్గర అలాంటివి పెట్టే రోజు వస్తే అనుమతి కాగితం ఇంటికి వెళ్తుంది. మా నాన్నల్లో చాలామంది వేసేది వేలిముద్రే. ముద్ర వేయించుకునే ముందు ఆ కాగితం వాళ్ళకు తెలుగులో చదివి వినిపించాలి, మమ్మల్ని కూడా పక్కన కూర్చోబెట్టి.